అలిగిన చుట్టం కోసం బోధన్ దాకా

చుట్టాలను దిగబెట్టి రావడానికీ, తీసుకురావడానికీ తోడు వెళ్లడం నాకు కొత్త కాదు. బడిలో తెలుగు చెప్పి రిటైరయిన దాన్ని కాబట్టి తీరిక ఎక్కువని అందరికీ నమ్మకం. కానీ చనిపోయిన చుట్టాన్ని తీసుకురావడానికి వెళ్లడం మాత్రం ఇదే మొదలు.

సునంద ఫోన్ చేసేసరికి నేను కాకినాడలో మా డాబా మీద వడియాలు పెడుతున్నాను.

"వసంతా, మా బాపు కాక ఇంట్ల ఉన్నడట. వచ్చి తోల్కపొమ్మని కాక ఫోన్ చేసిండు. నాతోని వస్తవా?"

సునందా నేనూ హైదరాబాద్‌లో ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లం. కాక అంటే బాబాయి అని అప్పుడే నేర్చుకున్నాను. బాపు అంటే నాన్న. ఆ బాపు, సాయన్నగారు, కిందటి ఏడాది పోయారు. చేతికి పిండి, చెవి దగ్గర ఫోను.

"మా వైపు పశువుల్నే తోలుకుపోతారు, మీరు మనుషుల్ని కూడా తోలుకుపోతారా?" అన్నాను.

"మొండికేసినోళ్లను ఎవ్వలనైన తోల్కపోతం" అంది సునంద. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆ రాత్రే టికెట్ చూసుకున్నాను.

నిజామాబాద్: సర్వపిండి, ఛాయ్, ఒక పాత కోపం

పొద్దున్నే రైలు దిగి సునంద ఇంటికి చేరేసరికి మూకుడులో సర్వపిండి కాలుతోంది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు కలిపి మూకుడుకే అద్ది, మధ్యలో వేలితో చిల్లులు పెట్టి నూనె పోస్తారు. మా పెసరట్టుకున్న మెత్తదనం దీనికి లేదు. కానీ అంచులు కరకరలాడుతుంటే ఇంకోటి అడగకుండా ఉండలేం. దాని వెనకే ఛాయ్. కాఫీ ఉందా అని అడిగితే సునంద భర్త నావైపు జాలిగా చూశాడు.

గోడ మీద సాయన్నగారి ఫోటో ఉంది. చివరి రోజుల్లోదట. బుగ్గలు లోపలికి పోయి, మెడ దగ్గర చొక్కా వదులై ఉంది. ఆయన్ని నేనెప్పుడో హాస్టల్ గేటు దగ్గర ఒకసారి చూశాను గానీ, ముఖం గుర్తులేదు.

సునంద ఛాయ్ తాగుతూ సంగతంతా చెప్పింది. సాయన్నగారు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆ దగ్గర్లోనే సొంత ఊళ్లో పొలం ఆయనదీ, తమ్ముడు గంగారాందీ. రెండు చెక్కల్లోనూ చెరకే. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా పెద్దాయన "రేపో మాపో తెరుస్తరు" అంటూ చెరకు నిలబెట్టారు. ఒక ఏడు తమ్ముడు తన చెక్కలో చెరకు పీకించి వరి నాటించాడు. అన్న గట్టు మీద నిలబడి అంతా చూసి, ఒక్క మాట అనకుండా ఇంటికొచ్చి, పెట్టె సర్దుకుని నిజామాబాద్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు. అంతే, ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఒకే పందిరి కింద చెరో మూల కూర్చునేవారు.

"బతికున్నప్పుడు ఆ ఊరు మొఖం సూడలే. ఇప్పుడు పోయి కాక అరుగు మీదనే కూసున్నడట" అంది సునంద. "పొద్దుగాల వస్తడట, పొద్దుగూకితే పోతడట. మాట్లాడడట. ఊకె కూసుంటడట."

"నీకెప్పుడైనా కనిపించారా?"

"నాకెందుకు కనబడతడు?" అని గిన్నెలు సింకులో గట్టిగా పడేసింది. రోజులు, నెలలు పక్కన కూర్చుని మందులు పోసింది ఆమే. ఆ గిన్నెల చప్పుడులో నాకు ఆ ఉక్రోషం బాగా వినిపించింది.

వీధిలోకి వస్తే, గుమ్మాల ముందు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటే నోళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి వీధి సంగతులన్నీ వాళ్ల దగ్గరే. మా ప్రయాణం సంగతి అప్పటికే తెలిసిపోయింది.

"గంత దూరంకెళ్లి దయ్యం కోసం వచ్చినవా బిడ్డా?" అంది ఒక పెద్దామె నన్ను చూసి. "మా ఇంట్ల గూడ ఒకడు ఊకె కూసుంటడు, ఉలుకడు పలుకడు. తోల్కపో. బతికే ఉన్నడు గని, నీకేం ఫరక్ పడదు."

వీధి వీధంతా నవ్వింది. సునంద కూడా నవ్వింది. నేను వచ్చాక అదే మొదటిసారి.

బస్సులో

పంతులుగారిని అడిగితే ఒక ఉపాయం చెప్పారట. కొత్త తువ్వాలు పరిచి, పేరు పెట్టి పిలిచి, మడత పెట్టుకుని వెనక్కి చూడకుండా వచ్చేయాలి. బజారులో తువ్వాలు కొన్నాం. సునంద పది తువ్వాళ్లు తిప్పి చూసింది. ఎర్ర అంచు ఆయనకు నచ్చదట, పచ్చ అంచు ఫ్యాక్టరీలో మేనేజరు వేసుకునేవాడట. చివరికి నీలం అంచుది దొరికింది. అంగడివాడు "ఎవరికమ్మా" అంటే "మా బాపుకు" అంది. "మంచిగ నడుస్తది, గట్టిది" అన్నాడు.

బోధన్ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే జీరో అని అచ్చువేసిన కాగితం ఇస్తారు. నేను ఎంతో ధీమాగా నా కార్డు చాపాను. కండక్టరమ్మ చూసి, "కాకినాడనా? పైసలు తియ్యక్కా" అంది. బస్సు నిండా ఆడవాళ్లే, డబ్బు పెట్టి ఎక్కినదాన్ని నేనొక్కదాన్నే. పక్క సీటామె నన్ను విదేశీయురాల్ని చూసినట్టు చూసింది.

సునందకు హఠాత్తుగా ఒక అనుమానం వచ్చి కండక్టరమ్మను అడిగింది. "అక్కా, వచ్చేటప్పుడు మా బాపు గూడ ఉంటడు. సీటు దొరుకుతదా?"

"పెద్దమనిషికి సీటు దొరక్కేం? వయసెంత?"

"పోయిన ఏడుకు డెబ్బై. ఇప్పుడెట్ల లెక్కపెట్టాల్నో తెలుస్తలేదు."

కండక్టరమ్మ ఇంకేం అడగలేదు. మేము దిగేదాకా మా సీటు వైపు రాలేదు కూడా.

బోధన్

బోధన్‌లో దిగగానే చెరకు రసం. మా కాకినాడలో నిమ్మకాయ, అల్లం వేసి ఐసుతో సగం గ్లాసు నింపుతారు. ఇక్కడ ఐసు వద్దంటే లేకుండానే ఇస్తారు, గ్లాసు అంచు దాకా. ఫ్యాక్టరీ పొగగొట్టం దూరం నుంచి కనిపిస్తుంది. పొగ లేని పొగగొట్టం. సునంద అటు చూడలేదు.

మార్కెట్లో జామకాయలు అమ్ముతున్నామె మరాఠీలో ఏదో అంది. నాకు మరాఠీ రాదు. తల ఊపాను. ఆమె ఇంకా ఏదో అడిగింది. మళ్లీ ఊపాను. కాసేపటికి నా సంచిలో మూడు కిలోల జామకాయలు, ఒక గుమ్మడికాయ ఉన్నాయి. ప్రయాణాల్లో మర్యాదకు తల ఊపకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. మంచిదేలే, ఉత్తి చేతులతో వెళ్లకుండా అయింది అని సునంద ఆ గుమ్మడికాయను చంకన పెట్టుకుంది. అక్కడి నుంచి ఆటో.

గంగారాం గారి అరుగు

ఊరు మంజీర నది వైపు ఉంది. దారికి ఇటూ అటూ వరి, మధ్యమధ్య పచ్చటి గోడలా చెరకు. ఇంటి ముందు దిగాక, సునంద చెప్పులు విప్పి తిన్నగా లోపలికి వెళ్లింది. నేను ఆటో అతనికి డబ్బులిచ్చి, ఆమె వదిలేసిన గుమ్మడికాయతో సహా అరుగు దగ్గరికి వచ్చాను. అరుగు మీద ఒక పెద్దాయన వీధికి వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. నిండైన మనిషి, ఖాకీ చొక్కా, తెల్లటి పంచె. పక్కనున్న మేకకు గడ్డి ఎవరూ వేయలేదే అన్నట్టు దానివైపు చూస్తున్నారు.

"కొంచెం జరగండి బాబాయిగారూ, సంచులు పెట్టుకుంటాను" అన్నాను.

ఆయన జరిగారు. సంచులు పెట్టాను.

లోపల్నుంచి సునంద చిన్నమ్మ నర్సవ్వ పరుగున వచ్చింది. "గాడ పెట్టకు బిడ్డా! గది మా బావ కూసుండే జాగ."

"ఆయనే జరిగి చోటిచ్చారండీ" అని అటు తిరిగాను. మేక ఉంది. సంచులున్నాయి. మనిషి లేడు.

నర్సవ్వ నా ముఖం చూసి నీళ్ల చెంబు తెచ్చింది. "భయపడకు. మంచోడే. ఊకె కూసుంటడు, అంతే" అంది, ఎండాకాలం వచ్చి పోని దూరపు చుట్టం గురించి చెప్పినట్టు.

సునంద గుమ్మంలోకి వచ్చింది. "నీకు కనబడ్డడా?" అంది. "ఎట్లున్నడు?"

"ఖాకీ చొక్కా వేసుకున్నారు."

"ఫ్యాక్టరీ అంగీ. ఇంకా?"

"లావుగా ఉన్నారే. భుజాలూ అవీ నిండుగా."

సునంద అక్కడే గడప మీద కూలబడింది. "లావుగున్నడా? నిజంగ?" అని మళ్లీ మళ్లీ అడిగింది. ఆస్పత్రిలో ఆయన్ని రెండు చేతులతో ఎత్తి మంచం మార్చేదట. తువ్వాలు సంచిలోంచి తీసి ముఖం తుడుచుకుంది. అలా పంతులుగారి కొత్త తువ్వాలు మొదటి గంటలోనే తడిసిపోయింది.

మేక ద్వారా మాటలు

గంగారాం గారు పొలం నుంచి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరో తనతో వాదిస్తున్నట్టు కనుబొమలు ముడిచి ఉండే మనిషి. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, వంకాయ కూర పెట్టారు. మేము పులుసును కాచకుండా తాగం. వీళ్లు చింతపండు రసంలో పచ్చి ఉల్లిగడ్డ కోసి అలాగే పోసుకుంటారు. ఎండలో తిరిగి వచ్చినవాళ్లకు అది అమృతం.

"సూడు బిడ్డా" అన్నారాయన సునందతో. "నేను తింటుంటె ఎదురుంగ కూసోని సూస్తడు. ముద్ద దిగుతలేదు. తిట్టమను, తిట్టడు. పోతడా అంటె పోడు. నీ తండ్రి, నువ్వు తోల్కపో."

"మీరు మాట్లాడి చూశారా?" అన్నాను నేను.

ఆయన నన్ను వింతగా చూశారు. "నేనెందుకు మాట్లాడత? మాట బంద్ చేసింది ఆయన గద."

ఆ మధ్యాహ్నం నాకు సంగతి అర్థమైంది. గంగారాం గారు అన్నతో మాట్లాడరు. కానీ అన్న బాగోగులు చూడక తప్పదు. కాబట్టి అన్నీ మేకతో చెబుతారు. "ఏమే మేకా, గా పెద్దమనిషికి ఎండ కొడుతున్నది, నీడకు జరగమను." "ఏమే, ఛాయ్ పెట్టిన్రు, తాగుతడేమో అడుగు." మేక నములుతూ వినేది. నర్సవ్వ మాత్రం రోజూ తను చుట్టిన బీడీల్లోంచి ఒకటి అరుగు మీద పెట్టేది. "బావకు నా బీడీలంటె ఇష్టముండె" అని.

సాయంత్రం సునంద తువ్వాలు ఉతికి ఆరేసి, పరిచి, పేరు పెట్టి పిలిచింది. "బాపూ, ఇంటికి పోదాం రా." గంగారాం గారు ఉండబట్టలేక "ఏమే మేకా, బిడ్డ పిలుస్తున్నది, లేవమను" అన్నారు. సునంద తువ్వాలు మడిచి గుండెకు ఆనించుకుని, వెనక్కి చూడకుండా వీధి చివరి దాకా నడిచింది.

గంగారాం గారు అరుగు వైపు చూసి, "కదలలే" అన్నారు.

తిరిగొచ్చాక సునంద నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కంచం నా వైపు తోసింది అంతే. పడుకోబోయే ముందు గోడకు తిరిగి, "వచ్చినోళ్లకు కనబడతడు. జరగమంటె జరుగుతడు. నేను పిలిస్తె లేవడు" అంది. కోపం ఆ ఇంటి పద్ధతి. అన్నదమ్ముల వంతు అయ్యాక ఇప్పుడు మా వంతు వచ్చింది.

నిజాంసాగర్ దారిలో

పొద్దున నర్సవ్వే ఒక ఆలోచన చెప్పింది. "బావకు నిజాంసాగర్ అంటె పాణం. గా కాలువ నీళ్లొస్తెనే గద సెరుకు. గాడికి తోల్కపోతె మనసు మల్లుతదేమో." గంగారాం గారు మేకకు సంగతి చెప్పారు. అరుగు వైపు చూసి, "వస్తడట" అన్నారు.

ఆటోలో వెనక సీటులో నేను, సునంద, నర్సవ్వ. ఎదురు బల్ల మీద గంగారాం గారు, ఆయన పక్కన ఖాళీ. డ్రైవరుకు ఆ ఖాళీ నచ్చలేదు. దారిలో చెయ్యెత్తిన ప్రతివాళ్ల దగ్గరా ఆపబోయాడు.

"జాగ లేదు" అన్నారు గంగారాం గారు.

"గింత జాగుంది గద పెద్దమనిషీ!"

"లేదంటున్న గద."

ఒక ఊరి దగ్గర మాత్రం అతను వినలేదు. వంకాయల గంపతో ఒక భారీ పెద్దామె ఎక్కేసింది. గంప కింద పెట్టి, "ఉష్" అంటూ ఆ ఖాళీ మీదికి వాలింది.

"అన్నా, జరుగు!" అని గంగారాం గారు కేక పెట్టారు.

ఆటో ఆగింది. వంకాయలామె సగం కూర్చుని సగం లేచి అలాగే ఉండిపోయింది. గంగారాం గారు తన చేతిని చూసుకున్నారు. పక్కనున్న గాలిని గట్టిగా తనవైపు లాక్కుని పట్టుకుని ఉందది.

"నేనేమన్న?" అన్నారు మెల్లగా.

"అన్నా అన్నవ్" అంది నర్సవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆయన పక్కకు చూశారు. చాలాసేపు చూశారు. "జరిగిండు" అన్నారు. "కూసో అవ్వా" అని వంకాయలామెకు చోటిచ్చారు. ఆమె మా అందర్నీ చూసి, ఒక అంచున కూర్చుని, వచ్చే ఊరిలోనే దిగిపోయింది.

కట్ట మీద

నిజాంసాగర్ నిండుగా ఉంది. మా గోదావరిని చూసిన కళ్లకు నీళ్లు కొత్త కాదు గానీ, రాతికట్ట అంత పొడుగ్గా, అంత నిదానంగా నీటిని ఆపి ఉండటం బాగుంది. కట్ట దగ్గర చేపలు వేయించి అమ్ముతుంటే అక్కడి బల్లల మీద కూర్చున్నాం. కారం మా వాళ్లకంటే ఎక్కువ, చింతపండు తక్కువ. నేను రెండో ముక్క తింటుండగా సునంద తన ఆకు పక్కన పెట్టింది.

"కాకా, బాపు నిన్ను పిలువుమన్నడు."

గంగారాం గారు తలెత్తారు.

"దవాఖానల. గంగారాంను పిలువు అన్నడు. రెండు సార్లు అడిగిండు. పిలుస్త అన్న. పిలువలే."

"కోపముండెనా నా మీద?"

"కోపం కాదు కాకా. నిన్ను పిలిస్తె, బాపు సచ్చిపోతున్నడని నేనే ఒప్పుకున్నట్టు గద. రేపు పిలుస్త, రేపు పిలుస్త అనుకున్న. ఆయన దర్వాజ దిక్కు సూస్కుంటనే పోయిండు."

నర్సవ్వ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. గంగారాం గారు నీళ్ల వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన కోప్పడతారని నేను అనుకున్నాను.

"నాకు ఎరుకనే బిడ్డా" అన్నారు. "ఊరోళ్లు చెప్పిన్రు, దవాఖానల ఉన్నడని. బస్సెక్కి గేటు దాక వచ్చిన. పిలువంది ఎట్ల పోవాలె అని గాడనే ఛాయ్ తాగి మల్లిపోయిన. పిలుపు కోసం సూసిన. ఎవ్వల పిలుపు? సొంత అన్న కాడికి పోవడానికి."

ఆయన బల్ల మీద పక్కనున్న ఖాళీ వైపు వంగి, చెవి ఒగ్గి విన్నారు. కనుబొమలు ముడిపడ్డాయి, విడిపోయాయి.

"ఏమంటున్నడు?" అంది సునంద. అడగడానికి భయపడుతూ అడిగింది.

"నువ్వు పిలువకపోతేనేంది, నేనే వచ్చిన గద అంటున్నడు. బిడ్డ ఏడ్వద్దు అంటున్నడు."

"నిజంగ అన్నడా? నువ్వు అంటున్నవా?"

గంగారాం గారికి కోపం వచ్చింది. "గంత మంచి మాట నాకేడికెళ్లి వస్తది? గది మీ బాపు మాటనే."

సునంద ఏడుస్తూ నవ్వింది. ఆ వెంటనే నా వైపు తిరిగి, నా చేతిలో మిగిలిన చేప ముక్క తీసుకుని తినేసింది. మా ఇద్దరి మధ్య అలకకు అదే రాజీపత్రం.

నాకు ఆ రోజంతా సాయన్నగారు కనిపించలేదు. చెవులు రిక్కించినా చేపలు వేగే చప్పుడే వినిపించింది.

తిరుగు ప్రయాణం

మర్నాడు పొద్దున నర్సవ్వ నాకు ఛాయ్ ఇస్తూ మొరపెట్టుకుంది. "మాట్లాడనప్పుడే నయముండె. తెల్లారంగ మొదలువెట్టిన్రు. సెరుకెందుకు పీకినవ్ అని ఆయన, ఫ్యాక్టరీ ఏడ తెరిసిన్రు అని ఈయన. ఆయనది నాకినబడది, ఈయనదే ఇనబడ్తది. సగం కొట్లాట ఇనుడు ఎంత కష్టమో తెల్సా?"

బయట గంగారాం గారు అరుగు అంచున నిలబడి చేతులు ఊపుతూ వాదిస్తున్నారు. ముఖంలో పదేళ్లు తగ్గాయి. ఇక తోల్కపొమ్మనే మాట ఎత్తలేదు. సునందా ఎత్తలేదు.

నేను సంచి సర్దుకున్నాను. సునంద సర్దుకోలేదు. "నాలుగు రోజులుంట వసంతా. మా దుకాణం మా ఆయన సూస్కుంటడు" అంది. ఆమె పెళ్లయ్యాక నాలుగు రోజులు ఎక్కడా ఉండగా నేను వినలేదు. మిగిలిన జామకాయలు నా సంచిలో పోసి, ఆటో దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లింది.

ఆటో నిండితే గానీ కదలదు. వీధి మలుపులో నాతో కలిపి ముగ్గురు ప్రయాణికులం ఎక్కి, మిగతావాళ్ల కోసం కూర్చున్నాం. అక్కడి నుంచి అరుగు బాగా కనిపిస్తోంది. గంగారాం గారు పొలానికి వెళ్లిపోయారు. సునంద ఒక్కతే కూర్చుని, ఎడమ పక్కనున్న ఖాళీకి ఏదో చెబుతోంది. చేతులు తిప్పుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ, ఏడాదిగా చెప్పనివన్నీ చెబుతున్నట్టుంది.

ఆమె కుడి పక్కన ఖాకీ చొక్కా. ఈసారి వీధికి వీపు లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కూతురి వైపే వంగి, ఊ కొడుతున్నట్టు తల ఊపుతున్నారాయన.

నేను ఫోన్ తీశాను. అరుగు మీద ఆమె ఎత్తడం కనిపించింది.

"సునందా, అటు కాదే. కుడివైపు తిరిగి మాట్లాడు."

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, ఒక్క క్షణం కదలకుండా ఉండిపోయింది. తర్వాత తిరిగింది.